చక్రం కింద సందు

పోయినవారం పిచ్చుకని బోర్డుల వర్క్‌షాపు గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. చేతిలో గోనెగుడ్డ చుట్టిన రేకు పలక. రికార్డుల ఆఫీసు వాచ్‌మన్ తెచ్చిచ్చాడు. "ర్యాంపు పగలగొట్టేస్తున్నారమ్మా. ఆ రోజే పీకి లోపల పడేసిన బోర్డుని పారేయమన్నారు. నాకే మనసొప్పలేదు," అని కళ్ళెత్తి చూడకుండా వెళ్ళిపోయాడు. ఎలా చూస్తాడు? ఎనిమిది నెలల కిందట ఆ ర్యాంపు మీదే పిచ్చుక వాళ్ళమ్మ చక్రాల కుర్చీతో సహా వెనక్కి దొర్లిపడి చనిపోయింది. వాలు ఎక్కేటప్పుడు ఒక్కో తోపుకీ ఒక్కో అంకె పైకి లెక్కపెట్టడం ఆవిడకి అలవాటు. "తొమ్మిది దాకా విన్నానండీ, పది వినబడలేదు," అని విచారణలో చెప్పింది ఈ వాచ్‌మనే.

ఆవిడ పైకెక్కింది ఈ పలకని చూసే. ఆ పలక పెట్టింది నేనేనని పిచ్చుక తండ్రి, ఊరంతా బొమ్మల మేస్త్రి అని పిలిచే మనిషి, అదే విచారణలో అందరి ముందూ ఒప్పుకున్నాడు. ప్రభుత్వ ఆఫీసుల బోర్డుల పని ఆ రోజుతో పోయింది. కూతురి నోట నాన్నా అన్న పిలుపూ ఆ రోజుతోనే పోయింది. అప్పట్నుంచి ఇద్దరూ ఒకే కప్పు కింద, ఒకే బల్ల దగ్గర, ఒకే టర్పెంటైన్ డబ్బాలో బ్రష్షులు ముంచుకుంటూ, అవసరానికి మించి ఒక్క ముక్క మాట్లాడుకోకుండా బతుకుతున్నారు.

పిచ్చుక అన్నది తల్లి పెట్టిన ముద్దుపేరే. ఆరేళ్ళప్పుడే నిచ్చెన చిటారుమెట్టు మీద కూచుని కాళ్ళూపేదట. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళు, ఊళ్ళో సగం బోర్డులు ఆ చేతివే.

చూడకూడదనుకుంటూనే గోనెగుడ్డ విప్పింది. నీలం పలక, దాని మీద తెల్లటి బొమ్మ. గుండ్రటి తల, నిటారు వీపు, ముందుకి చాచిన కాళ్ళు, కింద చక్రం. ఆస్పత్రిలో, స్టేషన్లో, ఎక్కడ పడితే అక్కడ ఉండే బొమ్మే. దుమ్ము తుడుద్దామని తిరగేసింది. తిరగేసి కదలకుండా ఉండిపోయింది.

వెనక ఎర్రటి రెడాక్సైడ్ పూత మీద మూడు తెల్ల గీతలు, పక్కపక్కన.

పిచ్చుకకి ఒక పాడు అలవాటుంది. బొమ్మ మొదలుపెట్టే ముందు బ్రష్షుకి ఎక్కువైన రంగుని పలక వీపు మీదే మూడుసార్లు రాసేస్తుంది. అది చూస్తే మేస్త్రికి ఒళ్ళు మండేది. "వీపు కనపడదని స్నానం మానేస్తామా?" అని కేకలేసేవాడు. "మీ వీపు మీరు చూసుకోండి ముందు, నిన్నటి పసుపు రంగు ఇంకా అక్కడే ఉంది," అని తల్లి కుర్చీలోంచి నవ్వేది. మేస్త్రి పలక వీపు అద్దంలా ఉంటుంది. అంటే ఈ పలక మేస్త్రి వేసింది కాదు.

పిచ్చుకకి కళ్ళ ముందు కట్టినట్టు కనబడింది. పోయినేడు తండ్రికి పది రోజులు విడవని జ్వరం. ఆఫీసుల పనులు చేయించే ఓవర్సీరు స్కూటరు దిగకుండానే పన్నెండు పలకలు కావాలన్నాడు. ఎక్కడికండీ అంటే ఎక్కడెక్కడికో అన్నాడు. మేస్త్రికి జ్వరమండీ అంటే, "నువ్వు లేవూ? నీది మాత్రం చెయ్యి కాదా?" అన్నాడు. ఆ మాటకి పిచ్చుక ఉబ్బిపోయింది. రెండు రోజుల్లో పన్నెండూ వేసి, ఆరబెట్టి, బండి ఎక్కించింది. తర్వాత ఏ పలక ఎక్కడికి పోయిందో అడగనే లేదు.

పలక పట్టుకుని లోపలికి నడిచింది. మేస్త్రి చెప్పుల షాపు బోర్డుకి అంచు గీస్తున్నాడు.

"ఇదెవరు వేశారు?"

మేస్త్రి తలెత్తి పలకని చూశాడు. మొహంలో రంగు దిగిపోయింది. "ఎక్కడిదది? ఎవరిచ్చారు?"

"అడిగినదానికి చెప్పు. ఎవరు వేశారు?"

"నేనే. అందరికీ చెప్పానుగా."

పిచ్చుక పలకని బోర్లా తిప్పి బల్ల మీద పెట్టింది. "నీ జన్మలో ఎప్పుడైనా పలక వెనక బ్రష్షు తుడిచావా?"

"తుడిచానేమోనమ్మా. ముసలాణ్ణి, చెయ్యి అదుపులో ఉండట్లేదు."

"అబద్ధమాడితే అతికినట్టుండాలి! పన్నెండూ నేనే వేశాను. ఓవర్సీరుకి ఇచ్చింది కూడా నేనే. వాడు తీసుకెళ్ళి తన ఇష్టమొచ్చిన గోడకి కొట్టించుకున్నాడు. నువ్వు ఆ రోజు మంచం మీద ఉన్నావు. మరి విచారణలో ఎందుకు నీ మీదేసుకున్నావ్?"

మేస్త్రి తల తిప్పుకున్నాడు. చెప్పుల షాపు బోర్డు వంకే చూస్తున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో పిచ్చుక గుండె మీంచి పెద్ద బరువు దిగింది. వాలు చూడకుండా పలక పెట్టి అమ్మని పొట్టన పెట్టుకున్న మనిషి కాదు తన తండ్రి. తప్పు ఓవర్సీరుది. వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఊరందరికీ తెలుసు. తనది పొరపాటే గానీ, పాపం కాదు. ఎక్కడ కొడతారో తెలియకుండా బొమ్మ వేసినవాళ్ళది తప్పెలా అవుతుంది? ఎనిమిది నెలలు ఈ ముసలాణ్ణి ఎంత ఏడిపించానో కదా అనుకుంది. నాన్నా అన్న పిలుపు నాలుక చివరిదాకా వచ్చింది.

వచ్చింది గానీ, బయటికి రాలేదు. మేస్త్రి చేస్తున్న పని చూసి ఆగిపోయింది. ఆయన పలకని వెల్లకిలా తిప్పాడు. సన్న బ్రష్షు తీసి తెల్లరంగులో ముంచాడు. చక్రం అడుగున, సరిగ్గా నేలకి ఆనే చోట, వేలి మందాన నీలం సందు ఉంది. ఆ సందుని పూడుస్తున్నాడు.

"అదేంటి, దాన్ని పూడుస్తున్నావ్? అది నీ గుర్తు కదా?"

బ్రష్షు ఆగిపోయింది. "ఏం గుర్తు?"

"నీ సంతకం. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. నువ్వు బాగా వేసిన బొమ్మలన్నిట్లోనూ ఆ సందు ఉంటుంది. పెద్దాస్పత్రి గోడ మీద ఉంది, స్టేషన్లో ఉంది. మేస్త్రి చెయ్యి అని తెలియడానికి వదిలేస్తావనుకున్నా. అందుకే నేనూ వదిలాను. మన బొమ్మలని తెలియాలని. పన్నెండింట్లోనూ వదిలాను." ఆ చివరి మాట కాస్త గర్వంగానే అంది.

మేస్త్రి బ్రష్షు పక్కన పెట్టి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. ఆయన ఏడుస్తున్నాడని తెలుసుకోవడానికి పిచ్చుకకి కొంత సేపు పట్టింది. అమ్మని తీసుకెళ్ళిన రోజు కూడా ఆ మనిషి ఏడవలేదు మరి.

"చెప్పు," అంది. "ఏమిటది?"

"వద్దమ్మడూ. నీకెందుకు?"

"చెప్పకపోతే ఇప్పుడే టైపు టీచరమ్మ అత్త దగ్గరికెళ్ళి అడుగుతా. అమ్మ ఆవిడ దగ్గర ఏదీ దాచేది కాదు."

భార్యకి ప్రాణస్నేహితురాలైన ఆవిడ పేరు వినగానే మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. ఇంక తప్పదనుకున్నాడేమో, పలకని దగ్గరికి లాక్కుని, కూతురి మొహం చూడకుండా, ఆ బొమ్మతో చెబుతున్నట్టుగా చెప్పాడు.

బొమ్మకి అచ్చుగా వాడే స్టెన్సిల్ రేకులో చక్రాన్ని పూర్తిగా కోసేస్తే లోపలి ముక్క ఊడి పడిపోతుంది. అందుకని అడుగున ఒక సన్న పట్టీ కోయకుండా వదులుతారు. ఆ పట్టీ ఉన్నచోట రంగు పడదు. రేకు ఎత్తాక మిగిలిన ఆ సందుని బ్రష్షుతో పూడ్చాలి. ఇది పని నేర్చుకునేవాళ్ళకి మొదటి రోజే చెప్పే ముక్క. పిచ్చుకకీ తెలుసు. తెలియనిదల్లా తర్వాత తండ్రి చెప్పింది.

"నీకు మూడేళ్ళప్పుడు మీ అమ్మకి జబ్బుచేసి కాళ్ళు పడిపోయాయి కదా. కుర్చీ వచ్చిన కొత్తలో బయటికెళ్ళిన ప్రతిసారీ ఏడుస్తూ వచ్చేది. బొమ్మ ఉంటుంది, దారి ఉండదు. బొమ్మ చూసి వెళితే ఎదురుగా మెట్లు. లేకపోతే నిలువు గోడలాంటి వాలు. 'మీరు వేసే బొమ్మకి అర్థమేమిటండీ?' అని అడిగింది నన్ను. రావచ్చని అర్థమే అన్నాను. 'అయితే మీ బొమ్మ అబద్ధాలాడుతోంది,' అంది. ఓవర్సీరుకి చెప్పాను. బొమ్మ వేయడం నీ పని, వాలు కొలవడం మా పని అన్నాడు. అప్పుడు ఆలోచించి నేనే ఒకటి మొదలుపెట్టాను. బొమ్మ వేసే చోటికల్లా మీ అమ్మ కుర్చీ తీసుకెళ్ళేవాణ్ణి. నేనే కూచుని, కాలు ఆనించకుండా, చేతుల్తో ఎక్కి దిగేవాణ్ణి."

ఆ దృశ్యం పిచ్చుకకి గుర్తే. కాళ్ళున్న మనిషికి కుర్చీ ఎందుకయ్యా అని దారిన పోయేవాళ్ళు నవ్వేవాళ్ళు. చిన్నపిల్లకి సిగ్గేసి నిచ్చెన వెనక దాక్కునేది.

"ఎక్కగలిగితే సందు వదిలేసేవాణ్ణి," అన్నాడు మేస్త్రి. "లేకపోతే పూడ్చేసేవాణ్ణి. చక్రం నేలకి ఆనే చోట సందుంటే, ఇక్కడ మీ ఆయన ఎక్కి చూశాడు, భయం లేదు, రా అని. అంతే. మీ అమ్మకి రాసిన ఉత్తరాలవి. 'నగలు చేయించలేదు గానీ ఊరి గోడలన్నిటి మీదా నన్ను కూచోబెట్టారు,' అనేది, గుర్తుందా? దాన్ని గురించే."

పిచ్చుక పలక వంక చూసింది. తను వదిలిన సందు. అందంగా, అంచులు చెదరకుండా, తండ్రి వదిలినట్టే వదిలిన సందు. ఆ రోజు అమ్మ ఎక్కడికెళ్ళింది? పిచ్చుక పుట్టిన తేదీ కాగితం తేవడానికి. వర్క్‌షాపు కాగితాల్లో కూతురి పేరు కూడా చేర్పిద్దామని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిందని తర్వాతే తెలిసింది. ముందు మెట్లు చూసి ఉంటుంది. పక్కకి తిరిగి ఫైళ్ళ బండ్లు లాగే వాలు దగ్గర పలక చూసి ఉంటుంది. వంగి చక్రం అడుగున సందు ఉందో లేదో చూసుకుని ఉంటుంది. ఉంది. మా ఆయన చూసే ఉంటాడనుకుంది. రెండు చేతులూ చక్రాల మీద వేసింది.

"నేనే," అంది పిచ్చుక. నేల మీద కూలబడిపోయింది. "నేనే చంపాను అమ్మని."

"ఛ! నోర్మూసుకో! ఇదిగో, ఈ మాట నీ నోట రాకూడదనే నేను..."

"సంతకం అనుకున్నా. నీలాగా వేయాలని..." ఇంకేం చెప్పలేకపోయింది. పొట్ట పట్టుకుని, పసిపిల్లలా గొంతు చించుకుని ఏడ్చింది. మేస్త్రి పక్కన కూచున్నాడు. ఎనిమిది నెలలుగా ముట్టుకోనివ్వని కూతురి తల మీద చెయ్యి వేశాడు. ఆ పిల్ల తోసేయలేదు.

"తప్పు నాది," అన్నాడు. "నీకు చెప్పకపోవడం నా తప్పు. నువ్వు వసపిట్టవి, ఓవర్సీరు దగ్గర నోరు జారతావేమోనని భయం. వాడికి తెలిస్తే అన్ని సందులూ పూడ్పించేవాడు. ఏటా తిట్టేవాడు, మతిమరుపు మేస్త్రీ, మళ్ళీ సందు వదిలేశావేం అని. పడ్డాను. నీకు చెప్పి ఉంటే అసలు ఏ గొడవా ఉండేది కాదు."

"అమ్మ కూడా చెప్పలేదే నాకు," అంది వెక్కుతూ. "ఇంకెవరికీ తెలియదా?"

మేస్త్రి చెయ్యి తల మీంచి మెల్లగా జారిపోయింది.

"ఎవరికి తెలుసు?" పిచ్చుక లేచి కూచుంది.

"టైపు టీచరమ్మకి. ఆవిడ ద్వారా ఇంకో ఎనిమిది మందికి. అందరూ కుర్చీల్లో తిరిగేవాళ్ళే. మీ అమ్మే చెప్పింది. నాకు ఆవిడ పోయాకే తెలిసింది."

పిచ్చుక ఏడుపు ఆగిపోయింది. "మరి నేను వేసిన మిగతా పదకొండు?"

"పది పూడ్చేశాను. ఆదివారాలు పొద్దున్నే పోతున్నానే, అందుకే. ఊరంతా గాలించాను."

ఆదివారాలు! ఏ తాగుడు కొట్టుకో పోతున్నాడని తను పక్కింటివాళ్ళతో కూడా అంది. పిచ్చుక పెదవి కొరుక్కుంది. "ఇంకొకటి?"

"దొరకలేదు. ఓవర్సీరుని కాళ్ళావేళ్ళా పడి అడిగా. ఏదో గోడౌన్లో ఉండుంటుందిలే పొమ్మన్నాడు."

"అత్తకీ వాళ్ళకీ చెప్పావా, సందుని నమ్మొద్దని?"

మేస్త్రి వేళ్ళకంటిన రంగు గోక్కుంటున్నాడు.

"చెప్పలేదా?"

"రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళానమ్మా. బోర్డు నాదన్నాను కాబట్టి వాలు మంచిదేనని, మీ అమ్మ కుర్చీ బ్రేకే తెగిందని వాళ్ళంతా అనుకుంటున్నారు. కాదు, సందే తప్పు అని చెబితే ఇంక ఊళ్ళో ఏ సందునీ నమ్మరు. ఇరవై ఏళ్ళ దార్లన్నీ మూసుకుపోతాయి, మళ్ళీ ఇంట్లో కూచుంటారు. ఎవరు వదిలారని అడిగితే..." మింగలేక కక్కలేక ఆగాడు. "అడిగితే నీ పేరు చెప్పాల్సి వస్తుందేమోనని. పన్నెండూ నేనే పూడ్చేస్తే సరిపోతుంది కదా అనుకున్నా."

"సరిపోతుందా? తొమ్మిది మంది ప్రాణాలు గాల్లో పెట్టి నన్ను కాపాడతావా? అమ్మ వింటే నీ మొహం చూసేదా?"

"చూసేది కాదు," అన్నాడు మేస్త్రి తల వంచుకుని. "తెలుసు."

పిచ్చుక చెంగుతో మొహం తుడుచుకుని లేచింది. "పద. ఇప్పుడే అత్త దగ్గరికెళదాం. నేనే చెబుతాను. కొడితే కొట్టనీ, తిడితే తిట్టనీ."

చెప్పులేసుకుంటుండగా బల్ల మీద ఫోన్ మోగింది. చూస్తే టైపు టీచరమ్మే. నూరేళ్ళు ఆయుష్షు అనుకుంటాం కదా అలాంటప్పుడు. పిచ్చుక కూడా అలాగే అనుకుంది, అనుకుని కాస్త ఊపిరి పీల్చుకుంది. చేతికి రంగు అంటి ఉంటే మోచేత్తో నొక్కి స్పీకరు పెట్టింది.

"ఏమే పిచ్చుకా! ఎక్కడున్నానో చెప్పుకో చూద్దాం," అంది టీచరమ్మ. వెనకాల మనుషుల సందడి. "కొత్త లైబ్రరీ దగ్గర. ఇవాళే తెరిచారు కదా. ముందంతా మెట్లే, దేవుడా అనుకున్నా. వెనక్కొచ్చి చూస్తే మీ బొమ్మ! కొత్తగా కొట్టినట్టున్నారు, మేకులు ఇంకా మెరుస్తున్నాయి. మీ అమ్మే ఎదురొచ్చినట్టయి కళ్ళలో నీళ్ళు తిరిగాయే. వంగి చూశా. సందు ఉందిలే!"

మేస్త్రి గోడ పట్టుకున్నాడు. "ఆ వెనక వాలు," అన్నాడు. "కడుతున్నప్పుడు చూశాను. రికార్డుల ఆఫీసు దానికంటే నిలువు."

"అత్తా! అత్తా ఆగు, ఎక్కకు!"

"ఏమిటీ? ఇక్కడ మైకు గోలలో ఒక్క ముక్క వినబడట్లేదు. మీ నాన్నకి నా మాటగా చెప్పు. ఆఫీసువాళ్ళు ఎన్నన్నా ఆయన మాట తప్పే మనిషి కాదని నాకు తెలుసు. ఉండు, రెండు చేతులూ కావాలి. ఫోన్ ఒళ్ళో పెట్టుకుంటున్నా. పైకెక్కాక మాట్లాడతా."

గుడ్డ రాసుకున్న చప్పుడు. తర్వాత మాటలు దూరమైపోయాయి. పిచ్చుక ఫోన్‌ని నోటి దగ్గర పెట్టుకుని అరిచింది. వద్దని, ఆ సందు అబద్ధమని, అది తనే వదిలిందని అరిచింది. టీచరమ్మ చీర కుచ్చెళ్ళలో మునిగిపోయిన ఫోన్ ఎవరికి చెబుతుంది?

"నాన్నా!" అంది పిచ్చుక.

ఎనిమిది నెలల తర్వాత వచ్చిన ఆ పిలుపుని ఆగి వినే తీరిక ఆ తండ్రికి లేకపోయింది. అప్పటికే సైకిలు బయటికి లాగాడు. లైబ్రరీ మూడు వీధుల అవతల. పిచ్చుక వెనక ఎక్కి, ఒక చేత్తో తండ్రి చొక్కా, ఒక చేత్తో ఫోన్ పట్టుకుంది. కుదుపులు తింటూ మొదటి వీధి దాటారు. చెవిలో చక్రాలు కిర్రుమంటున్నాయి. ఆగుతున్నాయి. మళ్ళీ కిర్రుమంటున్నాయి. మధ్యలో టీచరమ్మ ఆయాసం, ఆయాసం మధ్యలో ఏదో గొణుగుడు. పిచ్చుక ఫోన్‌ని చెవికి అదిమి పట్టుకుంది.

టీచరమ్మ లెక్కపెడుతోంది. అమ్మ నేర్పినట్టే, ఒక్కో తోపుకీ ఒక్కో అంకె.

"ఆరు," అంది. మేస్త్రి రెండో వీధి మలుపు తిరిగాడు. ఎదురుగా పాల వ్యాను అడ్డంగా ఆగి ఉంది.

"ఏడు."

"దిగి పరిగెత్తమ్మడూ!" అని అరిచాడు మేస్త్రి. పిచ్చుక దూకింది. చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. లైబ్రరీ గోడ కనబడుతోంది, వెనక వాలు కనబడట్లేదు.

"ఎనిమిది." ఈసారి ఆ గొంతులో నవ్వు లేదు. చక్రం కొంచెం వెనక్కి జారిన చప్పుడు, ఆగిన చప్పుడు.

తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. పిచ్చుక పరిగెత్తుతూనే ఉంది.

"తొమ్మిది," అంది టీచరమ్మ.